గౌరచంద్ర తర్వాత ఎవర్రా?

మన పర్లాకిమిడి స్కూలు పాత విద్యార్థుల సంచిక కమిటీ వాళ్ళు మూడోసారి ఫోన్ చేశాక రాస్తున్నాను. "రెండు పేజీలు దాటకూడదు" అన్నది ఎవరో మీకు తెలుసు. పరీక్షల్లో అందరికంటే ముందు అడిషనల్ షీటు అడిగేది వాడే.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు ఎటు పోయాయో తెలీదు. తొమ్మిది మాత్రం ఉంది. మధ్యాహ్నం మొదటి పీరియడ్, మన వంశవృక్షం మాస్టారు. పుస్తకంలో మొగలాయిలు, బోర్డు మీద మన పర్లాకిమిడి రాజులు, గజపతులు. చాక్‌పీసుతో కోట వైపు చూపించి "అదెవరిదిరా?" అనేవారు.

"రాజుగారిదండి."

"ఏ రాజుగారిది?"

అక్కడ చచ్చేవాళ్ళం. ప్రతాపరుద్ర, గౌరచంద్ర, కృష్ణచంద్ర... ఎక్కాల్లా అప్పజెప్పాలి. "గౌరచంద్ర తర్వాత ఎవర్రా?" అంటే బుల్లిగాడు "కృష్ణచంద్ర!" అని ఛాతీ విరిచాడు. గోడకుర్చీ. "1892లో పుట్టినోడు, తండ్రి పోయేనాటికి మైనరు. 1913లో పగ్గాలు చేతికొచ్చేదాకా ఎస్టేటు చూసిందెవరు? మీ తాతేటి? కోర్ట్ ఆఫ్ వార్డ్స్! మైనరు జమీందార్ల ఎస్టేట్లు చూసే సర్కారు సంస్థ!" సరే, 1974లో ఆయన పోయాక? "కొడుకండి" అని నౌపడా బ్యాచ్ కోరస్. మళ్ళీ గోడకుర్చీ, ఈసారి బెంచి బెంచంతా. మనవడు! గోపీనాథ గజపతి!

ఒరిస్సా వేరే రాష్ట్రం కావాలని లండన్ రౌండ్ టేబుల్ సమావేశం దాకా వెళ్ళిన కృష్ణచంద్ర రాజుగారికి 1936 ఏప్రిల్ 1న దక్కిందేంటో కూడా బోర్డు మీదే గీశారు. పర్లాకిమిడి ఇటు ఒరిస్సాలో, జమీలో ఎక్కువ భాగం మద్రాసు వైపు. ఆ గీత చూసి నేను ఇంటికెళ్ళి అడిగితే, తాత నవ్వలేదు. "మన ఇల్లు ఇటు, పాతపట్నం చేను అటు. రాజుకే తప్పలేదు" అన్నాడంతే.

ఇప్పుడు విశాఖలో రెండు బ్యాంకులకి లీగల్ ఒపీనియన్లు రాస్తున్నాను. రోజంతా లింకు డాక్యుమెంట్లే, అంటే ఆస్తి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే పాత దస్తావేజులు. మొన్నొక ఫైల్లో తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి కొన్నవాడికి, అంతా నున్నగా ఉంది. తేదీలు లెక్కేస్తే అమ్మేనాటికి ఆ కొడుక్కి పదిహేనేళ్ళు, మైనరు. అప్పు ఆగింది. మేనేజరు "ఎలా పట్టారు సార్?" అన్నాడు. గోడకుర్చీ సంగతి చెప్తే పరువేం కాను!

నేనొక్కణ్ణే ఆ కుర్చీ ఎక్కలేదని బుల్లిగాడు ఈ సంచికలోనే రాస్తున్నాట్ట. అబద్ధం. రెండుసార్లు ఎక్కాను. రెండోది గుణుపురం రైలు వల్ల, అది పిల్లలు కూడా చదివే సంచికలో రాయను.