రెప్ప తిరగేసి చూసిన రోజు

నా ఎడమ కంటి పై రెప్ప వాపు నాలుగు నెలలకు పైగా తగ్గుతూ, మళ్లీ పెరుగుతూ నన్ను వదలలేదు. మొదట్లో అది ఉదయం పూట మాత్రమే కనిపించేది. నిద్ర లేచి అద్దం ముందు నిలబడితే ఎడమ కన్ను కుడి కంటికంటె కాస్త చిన్నదైనట్టు ఉండేది. నొప్పి లేదు. దురద ఉండేది, అయితే అది కాంటాక్ట్ లెన్సు పెట్టుకున్నంతసేపూ ఊరుకుని, తీసి డబ్బాలో వేసిన కాసేపటికి భరించలేనంతగా మొదలయ్యేది. లెన్సు తీస్తే పెరిగే దురదకు లెన్సే కారణమని నాకు తట్టకపోవడానికి అదొక సాకు.

నాకు రెండు కళ్లకూ మైనస్ ఐదున్నర పవర్. డిగ్రీ చివరి సంవత్సరం నుంచి, అంటే పన్నెండేళ్లుగా లెన్సులు వాడుతున్నాను. ఉదయం ఏడున్నరకు మియాపూర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి రాయదుర్గం చేరి, రోజంతా ఏసీ గదిలో కంప్యూటరు ముందు కూర్చుని, రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరేవరకు అవి కళ్లలోనే ఉండేవి.

మా అమ్మ చూసీ చూడగానే కంటికురుపు లేస్తోందని తేల్చేసింది. అరచేతిలో వేలు రుద్ది ఆ వేడి తగిలించమంది. రాత్రి పడుకునేముందు పెరట్లోని నందివర్ధనం పూలు తెచ్చి మూసిన రెప్పల మీద పెట్టేది. ఆ చల్లదనం హాయిగానే ఉండేది గాని, కురుపైతే గట్టిపడి తల కట్టాలి కదా, నాలుగు వారాలైనా అటువంటిదేమీ జరగలేదు. పైగా ఉదయాన కంటి మూలలో తెల్లటి, తీగలా సాగే పుసి చేరసాగింది.

తరువాత చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. వీధి చివరి మందుల దుకాణంలో కంటి సంగతి చెబితే, చీటీ కూడా అడగకుండా చుక్కల మందు ఇచ్చారు. మూడు రోజుల్లో వాపు మాయమైంది. మానేసిన వారానికి మళ్లీ వచ్చింది. అలా మూడు సీసాలు వాడాను. అందులో స్టెరాయిడ్ ఉందనీ, పర్యవేక్షణ లేకుండా దాన్ని వాడుతూ పోతే కంటిలో ఒత్తిడి పెరిగి, చూపు నరాన్ని దెబ్బతీసే గ్లాకోమాకు దారితీయవచ్చనీ, శుక్లం కూడా త్వరగా రావచ్చనీ నాకు తరువాత గాని తెలియలేదు. ఆ దుకాణంవారిని అనడం కంటె, సీసా మీది అక్షరాలు చదవని నన్ను నేను అనుకోవడమే న్యాయం.

మొదట కలిసిన కంటి వైద్యుడు నల్లగుడ్డు బాగుందనీ, కన్ను పొడిబారిందనీ చెప్పి కృత్రిమ కన్నీళ్ల చుక్కలు రాశారు. ఆయన చూసిందంతా కన్నే. జబ్బు ఉన్నది రెప్ప లోపలి వైపున.

అది బయటపడింది రెండవ ఆసుపత్రిలో. అక్కడి డాక్టరు గారు కంటిని పెద్దదిగా చేసి చూపే స్లిట్ ల్యాంప్ ముందు నా గడ్డం ఆనించి, “కిందికి చూడండి, అలాగే చూస్తూ ఉండండి” అంటూ వెంట్రుకలు పట్టుకుని, దూదిపుల్ల ఆసరాతో రెప్పను ఒక్క క్షణంలో తిరగేశారు. నొప్పి అనిపించలేదు. తెర మీద ఆమె చూపించిన ఫోటోలో, నున్నగా గులాబీ రంగులో ఉండవలసిన ఆ పొర ఎర్రబడి, సీతాఫలం పైతొక్కలా బొడిపెలు బొడిపెలుగా ఉంది. వాటిలో కొన్ని ఒక మిల్లీమీటరుకు మించి ఉన్నాయట. జెయంట్ పాపిల్లరీ కంజంక్టివైటిస్ అని, అంటే రెప్ప లోపలి పొర వాచి పెద్ద బొడిపెలు లేచే జబ్బని, దాని పేరు చెప్పారు.

మనం రెప్ప వేసిన ప్రతిసారీ పై రెప్ప లెన్సు మీదుగా జారుతుంది. కన్నీటిలోని ప్రోటీన్లు లెన్సుకు అంటుకుని పేరుకున్నకొద్దీ ఆ రాపిడి పెరుగుతుంది. పాడైన ఆ ప్రోటీన్లను శరీరం పరాయి పదార్థంగా భావించి అలర్జీలా ప్రతిస్పందిస్తుంది. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునే కళ్లకలక కాదు. కృత్రిమ కన్ను అమర్చుకున్నవారికీ, శస్త్రచికిత్స కుట్టు కొస పైకి పొడుచుకువచ్చినవారికీ కూడా ఇదే వస్తుందని ఆమె అన్నప్పుడు రాపిడి సంగతి నాకు బాగా అర్థమైంది. మెత్తటి లెన్సులు అమెరికాలో 1971లో అమ్మకానికి రాగా, 1974లోనే ఈ బొడిపెల గురించి ఆస్ట్రేలియా వైద్య పత్రికలో రాశారట.

“నెల లెన్సు ఎన్నాళ్లు వాడతారు?” అని అడిగారు. నా లెక్క నాకుంది: ఆదివారాలు తీసివేసి, సెలవులు తీసివేసి, పెట్టుకున్న రోజులు ముప్పై అయ్యేవరకు వాడేదాన్ని, ఆ తరువాత ‘ఇంకా బాగానే ఉంది కదా’ అని మరికొన్నాళ్లు. నెల అంటే మూత తెరిచిన రోజు నుంచి ముప్పై రోజులే. అరచేతిలో ద్రావణం వేసి వేలితో రుద్ది కడగడం కూడా ఎప్పుడో మానేశాను. రుద్దనక్కరలేదని సీసా మీద ఉందని సంబరపడ్డాను.

చికిత్స పెద్దదేమీ కాదు: ఆరు వారాలు లెన్సు ముట్టకూడదు, రోజుకు రెండుసార్లు అలర్జీని తగ్గించే ఓలోపటడిన్ చుక్కలు, మొదటి రెండు వారాలు మాత్రం తగ్గించుకుంటూ పోయే తేలికపాటి స్టెరాయిడ్. ఒత్తిడి కొలిచి, ఇబ్బంది లేదని నిర్ధారించుకున్నాకే అది ఇచ్చారు.

కష్టమైంది కళ్లజోడుతో బతకడం. ఏసీ బోగీలోంచి రాయదుర్గం ఎండలోకి దిగగానే అద్దాలు మసకబారేవి. మెట్ల అంచులు ఉన్న చోట కాక ఇంకొక చోట కనిపించేవి. పిన్ని కూతురి పెళ్లిలో బంధువులంతా “ఏమ్మా, చిక్కిపోయావు” అన్నారు. మైనస్ అద్దాల వెనుక కళ్లు చిన్నవిగా కనిపిస్తాయని ఎంతమందికని చెప్పను?

పది రోజులకు దురద పోయింది, మూడవ వారానికి వాపు తగ్గింది. ఇక లెన్సు పెట్టుకోవచ్చని ఆశపడి వెళితే, డాక్టరు గారు మళ్లీ రెప్ప తిరగేసి ఫోటో చూపించారు. ఎరుపు తగ్గింది గాని బొడిపెలు అక్కడే ఉన్నాయి. బాధ ముందు పోతుందనీ, అవి అణగడానికి నెలలు పడుతుందనీ చెప్పి, మొదట అన్న ఆరు వారాలను ఎనిమిది చేశారు.

ఇప్పుడు ఏ రోజుకారోజు పారేసే లెన్సులు వాడుతున్నాను, అదీ వారానికి మూడు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు మించకుండా. ఖర్చు ఎక్కువే. మిగిలిన రోజుల్లో కళ్లజోడే. మొన్నటి పరీక్షలో బొడిపెలు సగానికి పైగా అణిగాయి. రెండు మూడు మాత్రం మచ్చల్లా నిలిచిపోవచ్చన్నారు. ఎడమ రెప్ప ఇప్పటికీ కుడిదానికంటె వెంట్రుకవాసి కిందికి ఉంటుంది. అమ్మ తప్ప ఇంకెవరూ దాన్ని గమనించలేదు.