ఆ ఫొటోలో ఉన్నది టైటానిక్ కాదు

పదకొండున్నర దాటింది. చిన్నోడి చార్టు ఫ్రిజ్‌కి ఆనించి ఉంది, ఫెవికాల్ ఇంకా ఆరలేదు. మంచినీళ్ళకి లేచినప్పుడల్లా కంట్లో పడుతోంది. ఎర్ర స్కెచ్ పెన్‌తో "టైటానిక్" అని పెద్ద అక్షరాలు, కింద జిరాక్స్ షాపులో తీయించిన పాత నలుపు తెలుపు ఫొటో. ఆ ఫొటోలో ఉన్నది ఒలింపిక్, టైటానిక్‌కి అక్క లాంటి ఓడ.

సాయంత్రం ఆ మాట అన్నందుకే ఇంత రాద్ధాంతం. "రెండూ ఒకలాగే ఉంటాయి కదమ్మా, ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు వాడు. ఒలింపిక్ అని రాస్తే అందరూ ఆటల పోటీలనుకుంటారట. ఆయనేమో టీవీ మీంచి చూపు తిప్పకుండా "పోనిద్దూ, వాడి మార్కులేమైనా పోతాయా" అన్నారు. ఆ "పోనిద్దూ" దగ్గరే నాకు మండింది. అన్నం కూడా సరిగ్గా తినలేదు. అత్తయ్య ఒక్కరే నా వైపు చూసి మజ్జిగ గ్లాసు ఇటు జరిపారు.

తెలుసుకోవడం ఏమంత కష్టం కాదు. నాలుగు పొగగొట్టాలు, వాటి కింద లైఫ్‌బోట్ల వరస. ఆ వరసకి సరిగ్గా కింద ఉన్న డెక్కు మీద వేలు పెట్టి ఓడ ముందు నుంచి వెనక్కి జరుపుకుంటూ రావాలి. టైటానిక్‌లో అయితే ముందు సగం అద్దాల కిటికీలతో మూసేసి ఉంటుంది, వెనక సగం తెరిచి ఉంటుంది. ఒలింపిక్‌లో ఈ చివర నుంచి ఆ చివర దాకా తెరిచే ఉంటుంది. వాడి చేత అలాగే వేలు జరిపించాను. "అవును, తెరిచే ఉంది" అన్నాడు. అని, మళ్ళీ ఫెవికాల్ మూత తీశాడు.

ఈ ఒక్క చార్టుతో అయిపోతే సరే. టైటానిక్ పెద్ద మెట్లదారి అని అందరూ చూపించే ఫొటో కూడా ఒలింపిక్‌దే. అక్క చీర కట్టుకుని చెల్లెలు ఫొటో దిగితే, అక్క పేరు ఎవరికీ గుర్తు లేనట్టుంది వ్యవహారం.

నిజానికి ముందు పుట్టింది ఒలింపిక్కే. బెల్‌ఫాస్ట్‌లో కట్టారు, 1911 జూన్‌లో మొదటిసారి న్యూయార్క్ వెళ్ళింది. కెప్టెన్ కూడా, తర్వాత టైటానిక్‌ని నడిపిన ఆ స్మితే. అదే ఏడు సెప్టెంబరులో హాక్ అనే యుద్ధనౌక వచ్చి గుద్దితే, ఒలింపిక్‌ని బాగుచెయ్యడానికి టైటానిక్ పని దగ్గర్నుంచి మనుషుల్ని లాక్కోవాల్సి వచ్చింది. అందుకే చెల్లెలి మొదటి ప్రయాణం మార్చి నుంచి ఏప్రిల్‌కి వాయిదా పడింది. టైటానిక్ మునిగిన రాత్రి ఒలింపిక్ 500 మైళ్ళ దూరంలో ఉండి, కబురందగానే అటే పరిగెత్తింది. బతికిన 700 పైచిలుకు మందిని కార్పేథియా అనే ఓడ ఎక్కించుకుంది కదా, వాళ్ళని మా ఓడలోకి మార్చమంటారా అని ఒలింపిక్ అడిగింది. వద్దన్నారు. రాత్రి కళ్ళ ముందు మునిగిన ఓడ, తెల్లారాక అచ్చం అలాగే మళ్ళీ ఎదురొస్తే వాళ్ళేమైపోతారని. ఇది మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. సాయం చెయ్యడానికి వచ్చిన ఓడని, ముఖం పోలిక వల్ల, దూరంగా ఉండమన్నారు.

తర్వాత మొదటి ప్రపంచ యుద్ధంలో సుమారు రెండు లక్షల మంది సైనికుల్ని మోసింది. 1918 మేలో జర్మన్ జలాంతర్గామి యూ-103 మీదికి నేరుగా వెళ్ళి గుద్ది ముంచేసింది. మొత్తం 24 ఏళ్ళు తిరిగి 1935లో తుక్కు కింద పోయింది. ఒక్క ప్రయాణం కూడా పూర్తి చెయ్యని చెల్లెలేమో ఊరూరా చార్టుల మీద ఉంది. దాదాపు 1,500 మంది పోయారు, ఆ దుఃఖాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ క్షేమంగా దింపిన వాళ్ళ లెక్క ఎవరూ అడగరేం?

మునిగితేనే గుర్తుంచుకుంటారు, అంతే, అని ఇక్కడికి రాసి ఆపేద్దామనుకున్నాను. అయితే ఇందాక తొమ్మిదింటికి అమ్మ ఫోన్ చేసింది. నా కోపం కొద్దీ అడిగాను, "మావయ్య పోర్ట్ బ్లెయిర్ వెళ్ళిన ఓడ పేరు గుర్తుందా?" అని. లేదంటుందనే అడిగాను. "హర్షవర్ధన" అంది, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

అప్పుడు నాకు ఏడెనిమిదేళ్ళు. వైజాగ్ రేవులో ఎండ. మావయ్య రేకు పెట్టె మీద తెల్ల పెయింటుతో పేరు, పక్కన గోనెసంచిలో బియ్యం, అమ్మమ్మ చేతిలో చింతకాయ పచ్చడి జాడీ. మూతకి గుడ్డ చుట్టి, పైన పురికొస కట్టి, ఆ ముడిని మాటిమాటికీ తడుముకుంటోంది. చుట్టూ అందరూ శ్రీకాకుళం, విజయనగరం మాటలే. ఓడ కూత వేస్తే నా కడుపులో దడదడలాడింది. మావయ్య డెక్కు మీద కనపడ్డాడు, తర్వాత తువ్వాలు మాత్రమే కనపడింది, తర్వాత అదీ లేదు. అమ్మమ్మ మాత్రం చెయ్యి ఊపుతూనే ఉంది. జాడీ ఇవ్వడం మర్చిపోయింది. ఇంకో చంకలో అలాగే ఉంది. తిరిగొచ్చేటప్పుడు రిక్షాలో దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఒక్క మాట మాట్లాడలేదు. మూడు నాలుగు రోజుల తర్వాత ఉత్తరం రాయించింది. మొదటి వాక్యమే "ఓడ కుదుపు లేకుండా తీసుకెళ్ళిందా నాయనా" అని. తర్వాత చాలా ఏళ్ళు దీపం పెట్టేటప్పుడు ఇంట్లో వాళ్ళ పేర్లతో పాటు ఆ ఓడ పేరు కూడా తలుచుకునేది. అమ్మ ఈ రాత్రి ఆ సంగతి చెబుతుంటే గొంతు బొంగురుపోయింది.

అందుకే నా మాట నేనే మార్చుకోవాల్సి వస్తోంది. ఒలింపిక్‌ని ప్రేమించిన వాళ్ళు లేక కాదు. దాంట్లో తిరిగిన వాళ్ళు దానికి "ఓల్డ్ రిలయబుల్", అంటే నమ్మకమైన పాత ఓడ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. ఇంగ్లండులో పని లేక అల్లాడుతున్న జారో ఊరి వాళ్ళకి దాన్ని విప్పే పనితోనే కొన్నాళ్ళు కూలి దొరికింది. లోపలి చెక్కడపు పలకల్ని జనం కొనుక్కుని దాచుకున్నారు. ఆ దేశంలోనే ఆనిక్ అనే ఊళ్ళో ఒక హోటల్ భోజనాల గదికి ఇవాళ్టికీ ఆ పలకలే ఉన్నాయి. అమెరికాలో లాంగ్ బీచ్‌ రేవులో 1967 నుంచి నిలబడి ఉన్న క్వీన్ మేరీ అనే ఓడ ఎప్పుడూ మునగలేదు, దాన్నీ మురిపెంగానే చూస్తారు. ఎక్కి తిరగడానికి మెట్లు ఉన్నాయి దానికి. ఒలింపిక్‌ని ఎరిగిన వాళ్ళు పోయారు, ఓడా పోయింది. మా అమ్మమ్మ దీపం దగ్గరి పేరు అమ్మకి తెలుసు, ఇప్పుడు నాకు తెలుసు. చిన్నోడికి నేను ఎప్పుడూ చెప్పలేదు.

ఇంకోటి కూడా రాయాలి, లేకపోతే పక్షపాతం అవుతుంది. 1934 మేలో, పొగమంచులో, అమెరికా తీరంలో నాన్‌టకెట్ దగ్గర దారి చూపే దీపపు ఓడని ఇదే ఒలింపిక్ గుద్ది ముంచేసింది. అందులో ఉన్న 11 మందిలో ఏడుగురు పోయారు. వాళ్ళ ఇళ్ళల్లో ఈ పేరు ఎలా తలుచుకుని ఉంటారో. సాయంత్రం వాడి ముందు ఒలింపిక్‌ని అంత వెనకేసుకొచ్చినప్పుడు ఈ సంగతి చెప్పలేదు.

ఇందాక లేచి వెళ్ళి గోటితో ఫొటో మూల లేపబోయాను. మొదటి పొగగొట్టం దగ్గర చిన్న చిరుగు పడింది, వదిలేశాను. మళ్ళీ అద్ది నొక్కి పెట్టాను. పొద్దున్న బస్సు వచ్చేలోపు వాణ్ణి అడుగుతాను, ఫొటో కింద సన్నటి అక్షరాలతో ఒక్క పేరు రాసుకోనిమ్మని.