బ్యాండెల్ లోకల్‌లో విన్న ఐదు పేర్లు

కోల్‌కతాలో మేము మూడు రోజులున్నాము. విక్టోరియా మెమోరియల్, కాళీఘాట్, దక్షిణేశ్వరం అన్నీ చూశాము. నేను రాయాలనుకున్నది మాత్రం వాటి గురించి కాదు. హౌరా నుంచి ఉత్తర్‌పారా వరకు లోకల్ రైల్లో గడిచిన ఇరవై నిమిషాల గురించి, ఆ తరువాత గంగ ఒడ్డున గడిచిన రెండు గంటల గురించి.

ప్రయాణం మా మామయ్యది, నేను తోడు వెళ్ళాను. ఆయనకు ఎనభై ఏళ్ళు. పుట్టి పెరిగింది బొల్లారం. తులసీదాస్ బలరాం పుట్టిన అమ్ముగూడ ఆ దాపునే కావడం వల్ల, చిన్నప్పటి నుంచి ఆయనకు బలరాం అంటే ఒలింపిక్స్‌లో ఫుట్‌బాల్ ఆడిన ఆటగాడి కంటే ముందు తమ పక్క బస్తీ మనిషి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దక్కించుకున్న భారత జట్టులో బలరాం ఉన్నాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా పెరూ మీదా గోల్ కొట్టాడు. ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు ఆడటానికి కలకత్తా వెళ్ళిన ఆ మనిషి చివరికి ఉత్తర్‌పారాలో స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో అక్కడి వాడిగానే కన్నుమూశాడు. "ఆయన ఉన్న ఊరు ఒక్కసారి చూపించు, చాలు" అని మామయ్య ఆనాటి నుంచి అడుగుతున్నారు. నేను వాయిదా వేస్తూ వచ్చాను. 2025లో మా ఫుట్‌బాల్ క్లబ్బు హైదరాబాద్ ఎఫ్‌సీ ఊరు వదిలి ఢిల్లీ వెళ్ళిపోయిందన్న వార్త వచ్చిన రాత్రి ఆయన అన్నం ముందు కూర్చుని తినకుండా లేచిపోవడం చూశాక, ఇక వాయిదా వేయబుద్ధి కాలేదు. డిసెంబరుకు టిక్కెట్లు తీశాను.

ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. రెండు బెర్తులూ పైవే వచ్చాయి. ఎనభై ఏళ్ళ మనిషి వయసు టిక్కెట్టు మీద అచ్చై ఉన్నా పై బెర్తు రావడం నాకు ఎంతో బాధ కలిగించింది; గుంటూరుకు వెళ్తున్న ఒక కుర్రవాడు అడగకుండానే లేచి తన కింది బెర్తు ఇచ్చి ఆ బాధ తీర్చాడు. హౌరాలో దిగగానే ఎస్ప్లనేడ్‌కు టాక్సీ ఐదు వందలన్నారు. మెట్రోలో వెళ్తే మనిషికి పది రూపాయలు, అదీ హుగ్లీ నది అడుగు నుంచి. ఇక టాక్సీ మాట ఎత్తలేదు.

మొదటి రోజు మైదాన్‌కు వెళ్ళాము. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్, మూడు క్లబ్బుల మైదానాలూ నడిచి చూడగలిగినంత దగ్గరలో ఉన్నాయి. దేశంలో పెద్ద లీగ్ అయిన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) మొదలు కాకుండానే ఆగిపోయిన రోజులవి కాబట్టి ఎక్కడా ఆట లేదు. ఈస్ట్ బెంగాల్ గేటు ముందు మామయ్య చాలాసేపు నిలబడ్డారు. "మన హబీబ్ ఇక్కడే గదా ఆడిండు" అన్నారు. మహమ్మద్ హబీబ్ ఇక్కడే కాదు, మూడు క్లబ్బులకూ ఆడాడు. 1977లో పేలే న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చినప్పుడు మోహన్ బగాన్ కొట్టిన రెండు గోల్స్‌లో ఒకటి అతనిదే.

రెండో రోజు పొద్దున్న బ్యాండెల్ లోకల్ ఎక్కాము. టిక్కెట్టు ఐదు రూపాయలు. మా ఎదురుగా కూర్చున్న ముసలాయన మంకీ టోపీ పెట్టుకుని, మెడ చుట్టూ ఎరుపు, పసుపు చారల ఉన్ని మఫ్లర్ చుట్టుకుని ఉన్నాడు. ఇంట్లో అల్లిన మఫ్లర్ అని చూడగానే తెలుస్తోంది. అంచులు ఊడిపోయిన చోటల్లా మళ్ళీ మళ్ళీ కుట్టారు. కుట్టిన ప్రతిసారీ దొరికిన పసుపు ఉన్ని వేరు కాబట్టి ఒక చోట నిమ్మపండు రంగు, ఒక చోట పసుపుకొమ్ము రంగు, మరో చోట దాదాపు నారింజ. మామయ్య చూపు దాని మీద పడింది. "ఈస్ట్ బెంగాల్?" అని అడిగారు. అవునన్నాడు. మేము హైదరాబాద్ నుంచి వచ్చామని చెప్పగానే ఆ పెద్దాయన లిలుయా వచ్చేదాకా ఇక ఆగలేదు.

ఆయన హిందీలో బెంగాలీ, మామయ్య హిందీలో ఉర్దూ ఎక్కువ. అయినా ఇద్దరికీ ఎక్కడా మాట తడబడలేదు, ఎందుకంటే సగం సంభాషణ పేర్లే. ఆయన కుడిచేయి పైకెత్తి, బొటనవేలితో మొదలుపెట్టి ఒక్కొక్క వేలూ ముడుస్తూ, "వెంకటేశ్, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, సాలే" అన్నాడు. "వీళ్ళను మేము పంచపాండవులనేవాళ్ళం. మా నాన్న భుజాల మీద కూర్చుని చూశాను. 1949 నుంచి 51 వరకు వరుసగా మూడేళ్ళు ఐఎఫ్‌ఏ షీల్డ్ కప్పు మాదే." ఐదుగురిలో ఒక్కరు కూడా బెంగాలీ కాదని, దక్షిణాది నుంచి తెచ్చుకున్న వాళ్ళేనని ఆయన గర్వంగా చెప్పాడు.

నేను అప్పారావు దగ్గర ఆగిపోయాను. పేరులోనే తెలుగుదనం ఉన్న ఒక మనిషిని, డెబ్బై అయిదేళ్ళ తరువాత, బరిసాల్ నుంచి దేశ విభజనలో తరలివచ్చిన కుటుంబానికి చెందిన ఒక వృద్ధుడు లోకల్ రైల్లో వేలు ముడిచి తలచుకుంటున్నాడు. నలభై ఏళ్ళుగా ఫుట్‌బాల్ చూస్తున్నానని చెప్పుకునే నేను ఆ పేరు మా ఇంట్లో ఒక్కసారి కూడా వినలేదు. మా పిల్లల పాఠ్యపుస్తకాల్లో సరే, మా పత్రికల్లోనైనా చదివిన జ్ఞాపకం లేదు. నాకు అప్పుడు కలిగినది సిగ్గో కోపమో చెప్పలేను. బాలీ స్టేషన్ ఎప్పుడు దాటిందో గమనించలేదు.

ఆ పెద్దాయన దిగవలసింది శ్రీరాంపూర్‌లో. బలరాం ఊరు చూడటానికి వచ్చామని విని మాతో పాటే ఉత్తర్‌పారాలో దిగిపోయాడు. రిక్షాలో గంగ ఒడ్డుకు తీసుకువెళ్ళి, ఘాట్ మెట్ల మీద కూర్చోబెట్టి, మట్టి కప్పుల్లో చాయ్ తెప్పించాడు. డబ్బు ఇవ్వబోతే ఒప్పుకోలేదు. బలరాం ఇల్లు చూపిస్తానన్నాడు గానీ మామయ్య వద్దన్నారు. వేరే వాళ్ళుంటున్న గుమ్మం ముందు నిలబడటం బాగుండదనీ, ఆయన రోజూ చూసిన నది చూస్తే చాలుననీ అన్నారు. దిగువన బాలీ వంతెన మీద రైలు వెళ్తుంటే ఆ చప్పుడు నీళ్ళ మీదుగా చాలాసేపు వినిపించింది.

అక్కడ ఇద్దరూ తమ తమ క్లబ్బుల చరిత్ర విప్పారు. ఈస్ట్ బెంగాల్ 1970 నుంచి 75 వరకు వరుసగా ఆరేళ్ళు కలకత్తా లీగ్ గెలిచిన రోజులు, 1975 షీల్డ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను 5-0తో ఓడించిన సాయంత్రం, తమ జట్టు గెలిచిన రోజున బజారులో పులస చేపకు గిరాకీ పెరిగితే మోహన్ బగాన్ గెలిచిన రోజున రొయ్యలకు పెరగడం, 2003లో జకార్తాలో ఆసియాన్ కప్పు గెలవడం, అన్నీ ఆయన వరుసగా చెప్పాడు. ఆ పై సంవత్సరం జాతీయ లీగ్ గెలిచాక, మేము వెళ్ళిన ఆ డిసెంబరు నాటికి, మళ్ళీ గెలవలేదు. ఐఎస్ఎల్‌లో చేరిన దగ్గర నుంచి అట్టడుగు స్థానాలే. మధ్యలో 2024లో ఒక సూపర్ కప్పు. అది చెప్పేటప్పుడు ఆయన గొంతులో బాధ ఉంది గాని భయం లేదు. "ఇరవై ఏళ్ళుగా పడిపోతూనే ఉన్నాం. నా మనవడు మమ్మల్ని ఛాంపియన్లుగా చూడనే లేదు. అయినా వాడి దగ్గర మఫ్లర్ ఉంది" అన్నాడు.

మామయ్య తన వంతు మొదలుపెట్టారు. మా తాతగారు హైదరాబాద్ నగర పోలీసులో కానిస్టేబులు. సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 54 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచినప్పుడు మామయ్య పసివాడు, ఆ ఆటలు ఆయనకు తాతగారు చెప్పిన కథలుగానే తెలుసు. తరువాతివి కళ్ళారా చూశారు. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. బంతిని కాలికి అంటిపెట్టుకుని డ్రిబ్లింగ్ చేయడం నిషేధించి పోటీలు పెట్టేవారు. అలవాటైన కాలు కాకుండా రెండో కాలితోనే తన్నాలని మరికొన్ని పోటీలు పెట్టేవారు. ఇది చెబుతూ మామయ్య చటుక్కున లేచారు. తాగేసిన మట్టి కప్పును మెట్టు మీద పెట్టి, కుడికాలు కదలకుండా నిలిపి, ఎడమపాదం లోపలి అంచుతో దాన్ని మెల్లగా ఆ పెద్దాయన వైపు తోశారు. కప్పు పగలలేదు. దొర్లుతూ వెళ్ళి సరిగ్గా ఆయన చెప్పు ముందు ఆగింది. నేను పడిపోతారేమోనని చేయి చాచి అలాగే ఉండిపోయాను.

1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లోనూ 1962 జకార్తా ఆసియా క్రీడల్లోనూ భారత్‌కు స్వర్ణం తెచ్చిన శిక్షకుడు రహీం సాబే. జకార్తా నుంచి తిరిగి వచ్చిన మరుసటి ఏడాది, 1963 జూన్‌లో, క్యాన్సర్‌తో పోయారు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ ఒకసారి, రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ గెలిచింది. అక్కడి నుంచి మా కథ కిందికే నడిచింది. ఆడగలిగిన వాళ్ళు కలకత్తా దారి పట్టారు. నయీముద్దీన్, హబీబ్, అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్, అందరూ ఇక్కడికే వచ్చారు. ఆటగాళ్ళు పుట్టిన ఊరు మాది, వాళ్ళ పేర్లు తలచుకునే ఊరు ఇది. పోలీసు జట్టు ఎంత గొప్పదైనా అది ఒక శాఖ జట్టు. శాఖ పట్టించుకున్నంత కాలం నిలిచింది, పట్టించుకోవడం తగ్గాక చూసేవాళ్ళు చేయగలిగింది ఏమీ లేకపోయింది.

"మరి ఇప్పటి క్లబ్బు?" అని పెద్దాయన అడిగినప్పుడు మామయ్య నా వైపు చూశారు. ఆ భాగం నేను చెప్పాను. 2019లో పుణె క్లబ్బు మూతపడితే లీగ్‌లో దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. మూడో సీజన్‌లోనే, 2022 మార్చి 20న, గోవాలోని మడ్గావ్‌లో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ ఆడింది. నేను రాత్రి బస్సులో కూర్చుని వెళ్ళాను. స్టేడియం నిండా కేరళ అభిమానులు, మేము ఒక మూల. 88వ నిమిషంలో సాహిల్ తవోరా స్కోరు సమం చేశాడు, పెనాల్టీల్లో మా గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, నార్జరీ ఆఖరి బంతిని వలలోకి కొట్టాడు. నేను అక్కడి నుంచే మామయ్యకు ఫోన్ చేశాను. ఆయన ఏమీ మాట్లాడలేదు, ఏడుపు మాత్రమే వినిపించింది. మరుసటి ఏడాది రెండో స్థానం. ఆ పై సీజన్‌లో జీతాలు అందక ఆటగాళ్ళు వెళ్ళిపోయారు, ఇరవై రెండు మ్యాచ్‌లలో ఒకే ఒక్క గెలుపు. అయినా గచ్చిబౌలికి వెళ్ళాను. ఖాళీ కుర్చీల మధ్య మేము కొద్దిమందిమి, ఓడిపోతున్నా చివరిదాకా కూర్చునేవాళ్ళం. ఓటమి నన్ను అంతగా బాధించలేదు. పుణె నుంచి వచ్చినది ఆరేళ్ళలో మరో పేరుతో ఢిల్లీ వెళ్ళిపోయింది, మమ్మల్ని అడిగిన వాళ్ళు లేరు. పడిపోతున్న జట్టును అంటిపెట్టుకుని ఉండటం నాకు తెలుసు, మామయ్యకు ఇంకా బాగా తెలుసు. అసలు లేని జట్టును ఏం చేయాలో మా ఇద్దరికీ తెలియడం లేదు.

సంచిలోంచి నా పసుపు స్కార్ఫ్ తీసి చూపించాను. ఫైనల్ రోజు మెడలో ఉన్నది అదే. పెద్దాయన దాన్ని మోకాళ్ళ మీద పరచి, అంచులు వేళ్ళతో తడిమి, తన మఫ్లర్ పక్కన పెట్టి చూశాడు. మాది నిన్న కొన్నట్టే ఉంది. ఎక్కడా ఒక్క కుట్టు కూడా లేదు. ఆయన ఏమీ అనకుండా జాగ్రత్తగా మడిచి నా చేతికి ఇచ్చాడు.

కాసేపటికి మాట మార్చడానికి అన్నట్టు, నిరుడు డిసెంబరు 31న మీ ఊళ్ళోనే మేము కేరళను ఓడించి సంతోష్ ట్రోఫీ గెలిచాము కదా అన్నాడు. నేను ఆ మ్యాచ్‌కు వెళ్ళాను. ఆఖరి క్షణాల్లో రబీ హాంస్‌దా కొట్టిన గోల్‌కు లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. ఆ మాట చెబితే ఆయన నా భుజం మీద చేయి వేసి చాలాసేపు తీయలేదు.

తిరుగు రైలుకు ఆయనే స్టేషన్ వరకు వచ్చాడు. మేము హౌరా వైపు, ఆయన శ్రీరాంపూర్ వైపు. ఆయన బండి ముందు వచ్చింది. తలుపు దగ్గర నిలబడి మళ్ళీ చేయి ఎత్తి, బొటనవేలితో మొదలుపెట్టి ఐదు పేర్లూ చెప్పాడు. ఈసారి మామయ్య కూడా ప్లాట్‌ఫారం మీద నుంచి చేయి ఎత్తారు. బండి కదిలింది. మామయ్య ఒక్కొక్క వేలూ ముడుస్తూ, బండి చప్పుడును మించిన గొంతుతో, "అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, లతీఫ్, జుల్ఫికర్, బలరాం" అన్నారు. వేళ్ళు అయిపోయాయి. ఆయన ఎడమచేయి కూడా ఎత్తారు.