బేగంపేట దోమ, పనామా కాలువ

బేగంపేట పాత విమానాశ్రయం దగ్గర చెట్ల మధ్య ఒక పాత భవనం ఉంది. సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపు కోసి, దాని గోడలో మలేరియా క్రిమిని చూసినదానికి గుర్తుగా ఆ భవనాన్ని నిలబెట్టుకున్నాం. హుసేన్ ఖాన్ అనే రోగికి, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి ఆ దోమల్ని సంపాదించారు. అట్లాంటిక్, పసిఫిక్ సముద్రాలను కలిపే పనామా కాలువ గురించి చెప్పేవాళ్ళు మామూలుగా ఎంత మట్టి తవ్వారో అక్కడ మొదలుపెడతారు. నా లెక్కలో ఆ కాలువ ఈ దోమ దగ్గర మొదలవుతుంది. మట్టి పని కష్టమే, కానీ అక్కడ మనుషుల్ని చంపిందీ, చివరికి ఓడల్ని దాటించిందీ నీళ్ళే.

1881లో మొదట దిగింది ఫ్రెంచివాళ్ళు. నాయకుడు ఫెర్డినాండ్ ద లెసెప్స్, 1869లో సూయజ్ కాలువ తెరిచినవాడు. సూయజ్ దాదాపు చదును నేల, సముద్రమట్టానికి తవ్వితే సరిపోయింది, ఒక్క లాకు (నీళ్ళు నింపి, తీసి ఓడను ఎక్కించి దించే తలుపుల గది) కూడా అక్కర్లేదు. అదే పద్ధతిని పనామా కొండల్లోకి తెచ్చాడు. అక్కడ ఎనిమిది నెలలు వానలు, మధ్యలో వరదొస్తే అడ్డూ అదుపూ లేని చాగ్రెస్ నది. 1889కి కంపెనీ దివాలా తీసింది. అప్పటికి సుమారు 22,000 మంది చనిపోయారని అంచనా.

ఆంకాన్ కొండ మీద వాళ్ళు కట్టిన ఆసుపత్రి ఆ రోజుల్లో చాలా గొప్పది. చీమలు ఎక్కకుండా మంచం కోళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టేవారు, మనం పాలగిన్నెను నీళ్ళ పళ్ళెంలో పెట్టినట్టే. తోటలో మొక్కలకు చీమలు పట్టకుండా చుట్టూ నీళ్ళు నింపిన మట్టి గుండ్రాలు. కిటికీలకు జాలీలు లేవు. కాలు విరిగి చేరినవాడికి పక్క మంచం రోగి నుంచి ఎల్లో ఫీవర్ అనే ప్రాణాంతక జ్వరం అంటుకునేది. దాన్ని మోసే దోమ వాళ్ళ మంచం కిందే పుట్టేది. ఎంత శ్రద్ధగా చూసుకుంటే అన్ని దోమలు. ఈ ఒక్క వివరం తలుచుకుంటేనే మనసు కలుక్కుమంటుంది.

1904లో అమెరికా పని అందుకున్నాక ఆరోగ్యం బాధ్యత అమెరికా సైనిక వైద్యుడు విలియం గోర్గస్‌ది. రాస్ అప్పటికే 1902లో సూయజ్ ఒడ్డున ఇస్మాయిలియాలో మలేరియా తగ్గించే పనికి దారి చూపించాడు. 1904లో పనామాకూ వెళ్ళి చూశాడు. గోర్గస్ రెండు దోమలకు రెండు పద్ధతులు పెట్టాడు. ఎల్లో ఫీవర్ దోమ ఇంటి దోమ, తొట్టిలో నిలవ ఉంచిన మంచినీళ్ళలో గుడ్లు పెడుతుంది. కాబట్టి గది సందులకు కాగితం అంటించి లోపల గంధకం గాని, చేమంతి జాతి పూల పొడి గాని పొగబెట్టారు, పీపాలకు మూతలు బిగించారు. అన్నిటికన్నా ముఖ్యంగా పనామా నగరానికి, కాలువ అవతలి చివరన ఉన్న కొలోన్ పట్టణానికి నల్లా నీళ్ళు తెచ్చి పీపాల అవసరమే లేకుండా చేశారు. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. అందుకే తనిఖీ వారానికి తగ్గకూడదు. మన బస్తీల్లో శుక్రవారం డ్రై డే అని కూలర్లు, డ్రమ్ములు ఒంపించడం వెనక ఉన్నదీ ఈ లెక్కే. 1906 తర్వాత అక్కడ ఎల్లో ఫీవర్ లేదు.

మలేరియా అంత తేలిగ్గా లొంగలేదు. ఆ దోమకు గుంట, చెలమ, బండి చక్రం చేసిన గాడి, ఏదైనా చాలు. ఇళ్ళ చుట్టూ గడ్డి కోసి, గుంటలు పూడ్చి, కాలువలు తీసి, మిగిలిన నీళ్ళ మీద నూనె వదిలారు. నూనె పొర లార్వాను ఊపిరి తీసుకోనివ్వదు. కానీ నీళ్ళలో గడ్డి ఉంటే పొర తెగిపోతుంది, వాన పడితే కొట్టుకుపోతుంది, మళ్ళీ పోయాల్సిందే. మట్టి కాలువలు పూడిక చేరి వాటంతటవే దోమల గుంటలయ్యేవి, అందుకే ముఖ్యమైన చోట్ల కాంక్రీటు వేశారు. 1906లో 26,000 మంది పనివాళ్ళలో 21,000 మందికి పైగా ఏదో ఒకప్పుడు మలేరియాతో ఆసుపత్రిలో చేరారు. 1912లో 50,000 మందికి పైగా ఉంటే చేరినవాళ్ళు సుమారు 5,600.

ఇక కాలువ. తవ్వి నదిని దాటడం మానేసి, గాటూన్ దగ్గర చాగ్రెస్‌కు అడ్డంగా కట్ట పోశారు. సముద్రానికి 85 అడుగుల ఎత్తున, సుమారు 425 చదరపు కిలోమీటర్ల చెరువు నిలిచింది. ఓడను మెట్ల మీద ఆ చెరువులోకి ఎక్కించి, అవతలి వైపు దించడం. గోదావరి జిల్లాలవాళ్ళకు లాకు కొత్త కాదు, ఇది దాని పెద్దన్న: ఒక్కో గది 1,000 అడుగుల పొడవు, 110 అడుగుల వెడల్పు. ఓడ లోపలికి రాగానే వెనక తలుపులు మూసి, గోడలో ఉన్న 18 అడుగుల వ్యాసం తూము తెరుస్తారు. నీళ్ళు నేలలోని కన్నాల్లోంచి పైకి ఉబుకుతాయి. పక్క నుంచి వదిలితే ఓడ గోడకు కొట్టుకుంటుంది, అందుకే అడుగు నుంచి. పంపు ఎక్కడా లేదు, నీళ్ళు పల్లానికి పారడమే. తలుపు రెక్కలు ఎత్తు నీళ్ళ వైపు కోణం చేసి మూసుకుంటాయి, నీటి బరువే వాటిని బిగిస్తుంది. లోపల బోలుగా ఉండటంతో తేలతాయి, కీలు మీద భారం తగ్గుతుంది.

కులేబ్రా కొండ కోత వేరే గోస. బంకమన్ను పొరలు తడిసి జారేవి, తవ్విన అడుగు కూడా పైకి ఉబ్బేది. పైన బరువు తగ్గించి, గట్ల నిటారుతనం తగ్గించడమే మందు. 1914 ఆగస్టు 15న కాలువ తెరిచాక కూడా 1915లో కొండ జారి నెలల తరబడి దారి మూసుకుపోయింది.

ఒక ఓడ దాటితే దాదాపు 20 కోట్ల లీటర్ల మంచినీళ్ళు సముద్రంలో కలుస్తాయి. హైదరాబాద్‌లో మనకు నెలకు ఇంటికి ఉచితంగా వచ్చేది 20,000 లీటర్లు, అంటే 10,000 ఇళ్ళ నెల కోటా ఒక్క ఓడకు. 5,000 లీటర్ల ట్యాంకర్లయితే 40,000. ఆ చెరువే పనామా నగరానికీ, కొలోన్‌కూ తాగునీరు. 2016లో తెరిచిన పెద్ద లాకుల్లో పక్కన తొట్లు కట్టి 60 శాతం నీళ్ళు తిరిగి వాడతారు. అయితే అలా వాడిన నీళ్ళతో ఉప్పు పైకి ఎగబాకి చెరువులో కలుస్తోంది. 2023లో వానలు తప్పాక, రోజుకు 36 దాకా దాటే ఓడలను డిసెంబరుకల్లా 22కు తగ్గించాల్సి వచ్చింది.

ఇంత పని చేసిందెవరు? ఎక్కువ మంది కరిబియన్ దీవుల నల్లజాతి కూలీలు. ఒక్క బార్బడోస్ నుంచే సుమారు 20,000 మందిని ఒప్పందం మీద తెచ్చారు. అమెరికా తెల్లవాళ్ళకు బంగారు నాణేల్లో జీతం, వీళ్ళకు వెండి నాణేల్లో, గంటకు 10 సెంట్లు, రోజుకు 10 గంటలు. తపాలా కిటికీ వేరు, తాగే నీళ్ళ కుళాయి వేరు. అమెరికా కాలంలో నమోదైన 5,609 చావుల్లో సుమారు 4,500 వీళ్ళవే. దోమల యుద్ధం గెలిచామని చెప్పేటప్పుడు ఈ అంకె చెప్పకుండా వదిలేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. చెరువు నిండేముందు ఒడ్డున ఉన్న ఊళ్ళను ఖాళీ చేయించారు. తరాలుగా అరటి పండించి పడవల్లో అమ్ముకున్నవాళ్ళు ఎత్తు ప్రాంతాలకు పోయారు.

ఇప్పుడు నీళ్ళు చాలక రియో ఇండియో నది మీద ఇంకో కట్ట వేయాలని తలపెట్టారు. సుమారు 2,000 మంది ఊళ్ళు వదలాలి. ఆ రైతులు 2025లో పడవలెక్కి నది మీదే నిరసన తెలిపారు.