‘అర్హత లేదు’ అని ఉత్తరం వచ్చాక: హార్వీ హరికేన్ తర్వాత నా అనుభవం

2017 ఆగస్టు 25 రాత్రి హార్వీ హరికేన్ టెక్సస్‌లో రాక్‌పోర్ట్ దగ్గర తీరం దాటింది. హ్యూస్టన్‌కి గాలి వల్ల పెద్దగా ఏం కాలేదు. వానే ముంచేసింది. నాలుగు రోజులు తెరిపి లేకుండా కురిసింది. తూర్పున నెదర్లాండ్ అనే చిన్న ఊళ్ళో మొత్తం 60.58 అంగుళాలు పడిందని తర్వాత లెక్క తేల్చారు. మేమున్నది రెండో అంతస్తు అపార్ట్‌మెంట్ కాబట్టి మా సామాను తడవలేదు. కింద పార్కింగ్‌లో కార్లు మునిగాయి, అంతే.

నాకప్పటికి డిపెండెంట్ వీసా. ఉద్యోగం చేసే వీలు లేదు, పగలంతా ఖాళీ. వాన తగ్గాక కన్వెన్షన్ సెంటర్ షెల్టర్‌లో దుప్పట్లు పంచడానికి వెళ్ళాను. అక్కడ ఎవరో నాకు ఇంగ్లీషు బాగా వచ్చని చూసి, ఈశాన్య హ్యూస్టన్‌లో ఒక చర్చి హాల్లో కేంద్ర విపత్తు సంస్థ ఫెమా ఇచ్చే సాయం కోసం ఫారాలు నింపడానికి మనుషులు కావాలన్నారు. ఒక రోజు శిక్షణ ఇచ్చి టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు. ఫారం నింపడం తెలిస్తే చాలనుకున్నాను. అసలు పని ఫారం పంపిన తర్వాత మొదలవుతుందని నాకప్పుడు తెలియదు.

ఆ చర్చి ఉన్నది కాష్మియర్ గార్డెన్స్ పేటకు దగ్గర్లో. ఎక్కువగా నల్లజాతి కుటుంబాలు, కొన్ని లాటినో కుటుంబాలు ఉండే పేద పేట. పక్కనే హంటింగ్ బాయూ అనే వాగు. మా వైపు వాన నీళ్ళు రోడ్డు కింద పైపుల్లో పోతాయి. అక్కడ చాలా వీధుల్లో ఇప్పటికీ ఇళ్ళ ముందు తెరిచిన కాలవలే. అవి పూడిపోతే నీళ్ళు నేరుగా ఇంట్లోకే. ఒకే నగరంలో ఇంత తేడా ఉందని ఆ వీధుల్లో నడిచేదాకా నాకు తెలియకపోవడం ఇప్పటికీ బాధగానే ఉంది.

అక్టోబరు 5న ఒక పెద్దావిడ నా ముందు కూర్చుంది. అరవై ఎనిమిదేళ్ళు. బడి క్యాంటీన్‌లో వంట చేసి రిటైరైంది. నేను ‘మ్యామ్’ అంటే ఆవిడ నన్ను ‘బేబీ’ అనేది. ప్లాస్టిక్ కవర్లోంచి ఒక ఉత్తరం తీసి, ‘ఇది చూడు బేబీ, వాళ్ళు లేదన్నారు’ అంది. ఫెమా పంపిన ఆ ఉత్తరంలో ఆవిడకి అర్హత లేదని ఉంది. కారణం ఒక్క ముక్క: ఇంటి యాజమాన్యం నిర్ధారణ కాలేదు.

ఆవిడ ఆ ఉత్తరాన్ని కోర్టు తీర్పులా తీసుకుంది. నిజానికి అది తీర్పు కాదు. ఫలానా కాగితం అందలేదని చెప్పడం మాత్రమే. కానీ పెద్ద అక్షరాల్లో ‘అర్హత లేదు’ అని కనిపించాక, కింద చిన్న అక్షరాల్లో ఉన్న అప్పీల్ సంగతి ఎంతమంది చదువుతారు? ఆ హాల్లో నేను చూసినవాళ్ళలో చాలామంది ఆ ఉత్తరం మడిచి లోపల పెట్టేసి ఊరుకున్నారు. ఈ ఒక్క మాటైనా చదివేవాళ్ళకి చేరాలనే ఇదంతా రాస్తున్నాను.

అప్పీల్‌కి గడువు 60 రోజులు. అదీ ఉత్తరం మీదున్న తేదీ నుంచి, మన చేతికొచ్చిన రోజు నుంచి కాదు. వానకి ఆవిడ పోస్టు డబ్బా కొట్టుకుపోవడంతో ఉత్తరం పోస్టాఫీసులో ఉండిపోయి ఆలస్యంగా అందింది. తేదీ సెప్టెంబరు 19. వేళ్ళ మీద లెక్కేస్తే మిగిలింది 44 రోజులు.

ఇల్లు ఎవరి పేరు మీద ఉందని అడిగాను. ‘మా అమ్మది. ఇప్పుడు నాది’ అంది. వాళ్ళమ్మ 1996లో పోయింది. వీలునామా లేదు. అన్నదమ్ములు ముగ్గురు వేరే ఊళ్ళకి వెళ్ళిపోయారు. ఆవిడ మాత్రం అక్కడే ఉండి పన్నులు కట్టుకుంటూ, కప్పు మార్చుకుంటూ వచ్చింది. దస్తావేజులో పేరు మార్చాలన్న ఆలోచన ఎప్పుడూ రాలేదు. వస్తే మాత్రం, లాయరు ఫీజు ఎక్కణ్ణుంచి తేవాలి? చనిపోయిన పెద్దవాళ్ళ పేరు మీదే ఉన్న ఇంట్లో పిల్లలు, మనవలు కాపురముండటం మనకీ కొత్త కాదు కాబట్టి నాకు వెంటనే అర్థమైంది. ఇలాంటి ఇళ్ళని అక్కడ ‘వారసుల ఆస్తి’ అంటారు. దక్షిణాది రాష్ట్రాల నల్లజాతి కుటుంబాల్లో ఇది చాలా ఎక్కువ. ఇల్లు వాళ్ళదేనని వీధి మొత్తానికి తెలుసు, దస్తావేజుకి తెలియదు.

ఉచితంగా కేసులు చూసే ఒక లాయరమ్మ వారానికి రెండు రోజులు హాలుకి వచ్చేది. ఆవిడ దారి చెప్పింది. టెక్సస్‌లో దీనికి వారసత్వ అఫిడవిట్ ఉంది. ఆస్తిలో వాటా లేనివాళ్ళు, ఆ కుటుంబాన్ని ఏళ్ళ తరబడి ఎరిగినవాళ్ళు ఇద్దరు నోటరీ ముందు ప్రమాణం చేసి సంతకాలు పెట్టాలి. చనిపోయిందెవరు, ఎప్పుడు, పిల్లలెవరు, ఇప్పుడెక్కడున్నారు, అన్నీ రాయాలి. దాన్ని కౌంటీ క్లర్కు ఆఫీసులో రికార్డు చేయించాలి. సాక్షులుగా చర్చి డీకన్ ఒకాయన, ఎదురింటి ముసలాయన ఒప్పుకున్నారు. ఎదురింటాయన ఇల్లు కూడా మునిగింది. ఆయన అప్పటికి కూతురింట్లో ఉంటున్నాడు. రెండు బస్సులు మారి వచ్చి సంతకం పెట్టి వెళ్ళాడు.

అన్నదమ్ముల వివరాల కోసం ఫోన్లు చేశాం. చిన్నతమ్ముడు లూసియానాలో ఉన్నాడు. 2005లో కత్రీనా హరికేన్ వచ్చినప్పుడు న్యూ ఆర్లీన్స్ లోయర్ నైంత్ వార్డులో ఇల్లు పోగొట్టుకుని, కొన్నాళ్ళు హ్యూస్టన్‌లో అక్క ఇంట్లోనే తలదాచుకున్నవాడు. అంటే ఇప్పుడు మునిగిన ఇంట్లోనే. స్పీకర్లో పెట్టిన ఫోన్లో ఆయన చాలాసేపు మాట్లాడాడు. కత్రీనా తర్వాత ఇళ్ళు కట్టుకోవడానికి లూసియానా ‘రోడ్ హోమ్’ అనే పథకం పెట్టింది. గరిష్ఠంగా లక్షన్నర డాలర్లు. అయితే తుఫానుకి ముందు ఇంటి మార్కెట్ విలువ, బాగుచేయడానికయ్యే ఖర్చు, రెండింట్లో ఏది తక్కువైతే దాని మీద లెక్క కట్టేవారు. నల్లజాతి పేటల్లో ఇళ్ళకి మార్కెట్ విలువ తక్కువ. మేకులు, చెక్కలు, కూలి మాత్రం ఏ పేటలోనైనా ఒకటే ధర. అదే సైజు ఇల్లు తెల్లవాళ్ళ పేటలో ఉంటే ఎక్కువొచ్చేది. దీని మీద 2008లో ఫెడరల్ కోర్టులో కేసు వేస్తే 2011లో రాజీ కుదిరింది. అప్పటికి ఆరేళ్ళు గడిచిపోయాయి. ఆయన తిరిగి ఆ వార్డుకి వెళ్ళలేదు. ‘అక్కా, వాళ్ళడిగిన ప్రతి కాగితం ఇవ్వు. ఇచ్చినట్టు రుజువు నీ దగ్గర పెట్టుకో’ అని ఫోన్ పెట్టేశాడు.

ఇంట్లో అప్పటికే వాలంటీర్లు తడిసిన గోడల్ని నాలుగడుగుల ఎత్తు వరకు కోసేశారు. నీళ్ళు వచ్చింది రెండడుగులే. కానీ బూజు పైకి పాకుతుంది. సామాను వీధి పక్కన కుప్ప పోశారు. నాకు టెన్షన్ అక్కడే మొదలైంది. మళ్ళీ ఇన్‌స్పెక్టర్ వస్తే చూపించడానికి ఏముంది? అదృష్టం కొద్దీ ఆవిడ మనవడు నీళ్ళు తగ్గిన రోజే ఫోన్‌తో ప్రతి గదినీ ఫొటోలు తీశాడు. గోడ మీద నీటి గీత, ఉబ్బిపోయిన పరుపు, ఫ్రిజ్ లోపల బురద, అన్నీ ఉన్నాయి. ఇల్లు శుభ్రం చేయకముందే ఫొటోలు తీసి, వేరే ఊళ్ళో ఉన్నవాళ్ళకి పంపి పెట్టుకోవాలని నేను అందరికీ చెబుతుంటాను. ఎందుకంటే పేదవాళ్ళ ఇళ్ళ విషయంలో ఇంకో మాట వస్తుంది: ఈ నష్టం తుఫాను వల్ల కాదు, ముందు నుంచీ మరమ్మతులు చేయించుకోలేదని. 2008లో డాలీ హరికేన్ తర్వాత రియో గ్రాండే లోయలో పేద కుటుంబాలకి సరిగ్గా ఈ కారణంతో సాయం నిరాకరిస్తే, వాళ్ళు కోర్టుకెళ్ళారని లాయరమ్మ చెప్పింది.

మధ్యలో అప్పు ఫారం గొడవ. ఆవిడ కవర్లో తెరవని ఇంకో కవరు ఉంది. తక్కువ వడ్డీకి ప్రభుత్వ విపత్తు రుణం కోసం దరఖాస్తు అది. ఇచ్చే సంస్థ స్మాల్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్. పేరులోనే వ్యాపారం అన్న మాట ఉంటుంది. ‘నాకు వ్యాపారం లేదు, ఈ వయసులో అప్పూ వద్దు’ అని పక్కన పడేసింది. ఎవరైనా అదే చేస్తారు. కానీ అప్పటి నిబంధన ప్రకారం, ఆ ఫారం అందినవాళ్ళు దరఖాస్తు పెట్టి కాదనిపించుకుంటేనే, పోయిన సామాను కోసం గ్రాంటు పరిశీలిస్తారు. అప్పు రాదని తెలిసీ అప్పు అడగాలి. ఈ సంగతి ఫారం మీద స్పష్టంగా ఉంటే ఎన్ని కుటుంబాలకి మంచాలూ స్టవ్‌లూ వచ్చి ఉండేవో! ఆ సాయంత్రమే కూర్చుని నింపి పంపాం. రెండు వారాల్లో కాదన్న జవాబు వచ్చింది. ఆ జవాబు కోసమే మేం ఎదురుచూస్తున్నాం.

మా టేబుల్ దగ్గరికి రావడానికే భయపడినవాళ్ళు కూడా ఉన్నారు. అమెరికాలో ఉండటానికి కాగితాలు లేని తల్లిదండ్రులు. పేరు రాస్తే దేశం నుంచి పంపేస్తారేమోనని దూరం నుంచే చూసి వెళ్ళిపోయేవాళ్ళు. ఇంట్లో అమెరికాలో పుట్టిన పిల్ల ఉంటే, ఆ పిల్ల పేరు మీద దరఖాస్తు పెట్టొచ్చు. నేనూ వీసా మీద ఉన్నదాన్నే కాబట్టి వాళ్ళ భయం నాకు తెలుసు. నా సంగతి చెప్పాక ఇద్దరు తల్లులు కూర్చున్నారు. మిగతావాళ్ళు రాలేదు.

అప్పీల్ ఉత్తరం మొదట నేనే రాశాను. ఆవిడ ఎన్నేళ్ళు పనిచేసింది, ఎంత కష్టపడింది, ఆ ఇంటి మీద ఎంత ప్రేమ, రెండు పేజీలు నింపాను. లాయరమ్మ చదివి పెన్నుతో దాదాపు అంతా కొట్టేసింది. ‘ఇదంతా నిజమే. కానీ చదివేవాళ్ళకి కావలసింది తేదీలు, కాగితాలు’ అంది. చివరికి ఒక్క పేజీ మిగిలింది. మీరు ఫలానా తేదీన ఫలానా కారణంతో కాదన్నారు. ఆ కారణం సరికాదని ఈ జత చేసిన కాగితాలు చూపిస్తాయి. తర్వాత వరుసగా: రికార్డు చేసిన అఫిడవిట్, అమ్మ మరణ ధ్రువపత్రం, ఆవిడ జనన ధ్రువపత్రం, ఆస్తి పన్ను కట్టిన మనీ ఆర్డర్ రసీదులు, కరెంటు బిల్లులు, ఫొటోలు, ఒక కాంట్రాక్టరు రాసిచ్చిన మరమ్మతు అంచనా. పన్ను నోటీసు అమ్మ పేరుతోనే వచ్చేది. మనీ ఆర్డర్ల మీద మాత్రం ఆవిడ పేరు. ఇరవయ్యేళ్ళ రసీదులు ఒక బిస్కెట్ డబ్బాలో దాచింది. ఆ డబ్బా బీరువా పై అరలో ఉండబట్టి బతికింది. ప్రతి పేజీ మీదా తొమ్మిదంకెల దరఖాస్తు నంబరు, విపత్తు నంబరు డీఆర్-4332 రాశాం. ఒక పేజీ విడిపోయినా ఎవరిదో తెలియాలి కదా. నవంబరు 2న ఫ్యాక్స్ చేసి, అదే కట్టను రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపాం. ఫ్యాక్స్ రసీదు ఆవిడ బైబిల్లో పెట్టుకుంది.

తర్వాత నెలన్నర ఏమీ లేదు. నేను వారానికోసారి హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి, ఎవరు ఏం చెప్పారో తేదీతో రాసుకునేదాన్ని. ప్రతిసారీ ‘పరిశీలనలో ఉంది’ అనే. డిసెంబరులో ఒక ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఇరవై నిమిషాలున్నాడు. ఆ చలిలో ఆవిడ గోడల్లేని ఇంట్లో, ఒక్క గదికి ప్లాస్టిక్ కట్టుకుని పడుకుంటోంది.

జనవరిలో తొమ్మిది వేల డాలర్లకి కాస్త పైన వచ్చింది. అప్పటి గరిష్ఠ పరిమితి 33,300. వచ్చిన డబ్బుతో వైరింగ్, గోడలు అయ్యాయి. నేల సగం చర్చివాళ్ళు వేశారు, సగం ఇంకా ప్లైవుడ్డే. ఫోన్లో ఆవిడ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఉత్తరం రెండో పేజీలో ఇంకో షరతు ఉంది. ఇల్లు వరద ముప్పు ప్రాంతంలో ఉంది కాబట్టి ఇక మీదట వరద బీమా ఉండాలి. మొదటి మూడేళ్ళు గ్రూప్ పాలసీలో చేరుస్తారు. ఆ తర్వాత ఆవిడే కట్టుకోవాలి. కట్టకపోతే మళ్ళీ వరద వచ్చినప్పుడు సాయం రాదు. పింఛను మీద బతికే మనిషికి అది ఎలా సాధ్యమో ఎవరూ చెప్పలేదు.

2021 మేలో హార్వీ ప్రాంతాల్లో వరద నివారణ పనులకి టెక్సస్ రాష్ట్రం దాదాపు వంద కోట్ల డాలర్లు ప్రకటించింది. హ్యూస్టన్ నగరానికి, హారిస్ కౌంటీకి అందులో ఒక్క డాలరు లేదు. నల్లజాతి, లాటినో ప్రజల పట్ల ఆ పంపకం వివక్షతో కూడుకున్నదని మరుసటి ఏడాది మార్చిలో కేంద్ర గృహ, పట్టణాభివృద్ధి శాఖ తేల్చింది. ఆ వార్త ఆవిడకి పంపితే, ఇంటి ముందు కాలవ ఫొటో తీసి తిరిగి పంపింది. నిండా గడ్డి.

కొన్ని మారాయి కూడా. 2021 సెప్టెంబరు నుంచి, వారసుల ఆస్తిలో ఉండేవాళ్ళు వేరే కాగితాలేవీ దొరకనప్పుడు తమ ఇల్లేనని స్వయంగా రాసిచ్చినా తీసుకుంటున్నారు. 2024 మార్చి నుంచి అప్పు ఫారం షరతు తీసేశారు. అప్పీల్‌కి సంతకం చేసిన ఉత్తరం తప్పనిసరి అన్నదీ పోయింది.

2024 జులై 8న బెరిల్ హరికేన్ హ్యూస్టన్‌ని కొట్టింది. అప్పటికి మేం వేరే రాష్ట్రానికి మారిపోయాం. వారం తర్వాత ఆవిడ ఫోన్ చేసింది. ఎదురింటాయన కూతురి ఇంటి కప్పు ఎగిరిపోయిందట. ‘బేబీ, మనం రాసిన ఆ ఉత్తరం నీ దగ్గర ఉందా?’ అని అడిగింది. ఉత్తరం ఇప్పుడు తప్పనిసరి కాదు, కానీ కాగితాలు ఏ వరసలో పెట్టాలో దాన్ని చూసి తెలుసుకోవచ్చని చెప్పి, ఆవిడ పేరు, నంబర్లు చెరిపేసి పంపాను. గడువు ఇప్పటికీ 60 రోజులేనా అని అడిగింది. అవునన్నాను. ‘ఉత్తరం మీద తేదీ నుంచే కదా’ అని రూఢి చేసుకుని, పక్కనున్న ఎవరికో ఆ మాట మళ్ళీ చెప్పడం నాకు ఫోన్లో వినిపించింది.