నా స్టార్లీ ఇప్పుడు స్టారాప్టర్!

పోకెమాన్ డైమండ్ వీడియో గేమ్‌లో మొదట్లోనే దొరికే చిన్న పిట్ట స్టార్లీ. నాకు మొదటి నుంచీ అదంటే ప్రాణం. మొదటి జిమ్‌లో (ఆటలో ఒక నాయకుడి జట్టుతో తలపడే చోటు) అన్నీ రాతి రకమే, ఎగిరే పిట్టకి అక్కడ గడ్డుకాలం. అయినా జట్టులోంచి తియ్యలేదు. లెవెల్ 14లో రూపం మారి స్టారావియా అయింది. జిమ్ నాయకురాలు గార్డీనియా గడ్డి రకం జట్టుని వింగ్ అటాక్ అనే రెక్కల దెబ్బతో చెల్లాచెదురు చేసింది.

నిన్న రాత్రి లెవెల్ 34 వచ్చింది. స్క్రీన్ వెలిగిపోయి, ఎర్రటి కొన ఉన్న జుట్టుతో స్టారాప్టర్ ప్రత్యక్షం! రాగానే క్లోజ్ కాంబాట్ నేర్చేసుకుంది. తన రక్షణ తగ్గిపోయినా లెక్కచెయ్యకుండా కొట్టే దెబ్బ అది. రాతి పోకెమాన్లు కూడా ఇక జంకాల్సిందే. ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. ఎలైట్ ఫోర్ అనే చివరి నలుగురు మేటి ప్రత్యర్థుల ముందుకి మొదట దిగేది ఇదే.