పిట్టగోడ

శనివారం, రాత్రి తొమ్మిదిన్నర

డాబాకి తూర్పు వైపు, ఉత్తరం వైపు గోడ లేచింది. మూడడుగుల ఎత్తు. దక్షిణం, పడమర ఇంకా మిగిలాయి.

మంగళవారం జరిగింది ఇప్పటిదాకా రాయలేకపోయాను. మధ్యాహ్నం వడియాలు తిరగేద్దామని పైకెక్కాను. వెనక వాటాలో అద్దెకుంటున్నవాళ్ల బాబు, నాలుగేళ్లవాడు, నా వెనకాలే మెట్లెక్కి వచ్చాడు. నేను చూసుకోలేదు. వడియాల మీద వాలిన కాకిని తరుముతూ పరిగెత్తాడు. కాకి ఎగిరిపోయింది. వాడు స్లాబు అంచున, పిల్లరు చువ్వ పట్టుకుని ఆగాడు. నాకు నోట మాట రాలేదు. అరిస్తే ఉలిక్కిపడతాడేమోనని మెల్లగా వెళ్లి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. వాడు నవ్వుతూనే ఉన్నాడు.

ఈ ఇల్లు కట్టి ఏడేళ్లయింది. స్లాబు పడేసరికి చేతిలో డబ్బులైపోయాయి. పైన ఎలాగూ ఇంకో అంతస్తు వేస్తాం కదా, పిట్టగోడ అప్పుడే కట్టొచ్చు అనుకున్నాం. అంతస్తు రాలేదు. చువ్వలు తుప్పుపట్టాయి.

ఆ రాత్రి నిద్రపట్టక బైబిల్లో ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం తీశాను. కొత్త ఇల్లు కట్టేవాడు పైకప్పు చుట్టూ గోడ కట్టించాలి, లేకపోతే ఎవరైనా పడితే ఆ హత్యాదోషం ఆ ఇంటి మీదికే వస్తుంది. ఎనిమిదో వచనం. తెలుగు బైబిల్లో ఉన్న మాట కూడా పిట్టగోడే, మా మేస్త్రి అనే మాటే. ఎన్నిసార్లు చదివి దాటేశానో! ఆనాటి ఇళ్లూ మన డాబాల్లాంటివే. యెరికోలో రాహాబు జనుపకట్టె ఆరబెట్టుకున్నది మిద్దె మీదే. యొప్పేలో యేసు శిష్యుడు పేతురు మధ్యాహ్నం ప్రార్థన చేసుకోవడానికి ఎక్కిందీ మిద్దె మీదికే.

మా గుంటూరు లూథరన్ ఇళ్లలో పిల్లలకి పది ఆజ్ఞలు, లూథరు 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరాలతో కలిపి నేర్పేవాళ్లు. మా లెక్కలో నరహత్య చేయకూడదన్నది అయిదోది. పొరుగువాడి ఒంటికి కీడు చేయకుండా ఉంటే చాలదు, వాడి ప్రాణానికి కావలసిన సాయం కూడా చేయాలని దాని అర్థం. గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేదాన్ని. ఈస్టరు ముందు వచ్చే లెంతు ఉపవాస దినాల్లో పాపాలు ఒప్పుకునేటప్పుడు కోపం దగ్గర ఆగేదాన్ని, అబద్ధం దగ్గర ఆగేదాన్ని. అయిదో ఆజ్ఞ దగ్గర ఒక్కసారీ ఆగలేదు. ఏడేళ్లు ఆ డాబా కిందే పడుకుని లేచాను.

మావారితో చెప్తే, "మనం పాత ధర్మశాస్త్రం కింద కాదు, కృప కింద ఉన్నాం గదా, అదే అధ్యాయంలో ఉన్ని, జనుప కలిపి నేసిన బట్ట కట్టొద్దని కూడా ఉంది, నీ చీర సంగతేంటి?" అన్నారు. నిజమే, నా చీర నూలూ పాలిస్టరూ కలిసిందే. ఆయన మాట తీసిపారేసేది కాదు. యెరూషలేములో అపొస్తలులు కూర్చుని, యూదులు కాని విశ్వాసుల మీద ఈ ధర్మశాస్త్రం బరువంతా మోపవద్దని తీర్మానించారు. కానీ ఆ సభలో ఉన్న అపొస్తలుడు పౌలే కొరింథు సంఘానికి రాస్తూ, కళ్లం తొక్కే ఎద్దు మూతికి చిక్కం పెట్టొద్దన్న పాత ఆజ్ఞ తీసి, సువార్త పనివాళ్ల జీవనానికి అన్వయించాడు. కొట్టేయలేదు, ఎద్దు దగ్గరే ఆపేయనూలేదు. ఆ ఆజ్ఞ ఎవరి కడుపు కాస్తోందో చూశాడు. నేనూ అలాగే చదవాలనుకుంటున్నాను. బట్ట సంగతి నాకింకా పూర్తిగా అర్థం కాలేదు. పిట్టగోడ ఎవరిని కాస్తుందో మాత్రం మంగళవారం కళ్లారా చూశాను.

పొద్దున్నే మేస్త్రి వచ్చాడు, మాలు అందించడానికి ఒకావిడ వచ్చింది. మేస్త్రి డబ్బులు ఫోన్లో వేసేశాం. ఆవిడకి ఫోన్లో తీసుకునే వీలు లేదు. మావారు "సోమవారం మళ్లీ వస్తారుగా, రెండ్రోజులది కలిపి ఇద్దాం" అన్నారు. ఆవిడ ఏమీ అనలేదు, గమేళా కడుగుతూ నిలబడింది. ఏనాటి కూలి ఆనాడే, పొద్దు గూకకముందే ఇవ్వాలని ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో ఉంది. పేదవాడు దాని మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు కాబట్టి. ఆయన్ని చూశాను. మారుమాట్లాడకుండా బండి తీశారు. మొదటి ఏటీఎంలో డబ్బుల్లేవు, రెండోదానికి వెళ్లి తెచ్చారు. ఆరింటికి ఆవిడ చేతిలో పెట్టాను. "బియ్యం కొనాలమ్మగారూ, కొట్టు మూసేస్తారు" అంటూ గబగబా వెళ్లిపోయింది.

మెట్లకి అడ్డంగా పాత మడతమంచం కట్టాం. బాబు వాళ్లమ్మకి మంగళవారం జరిగింది ఈ సాయంత్రమే చెప్పాను. ఆ అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రెండు వైపులూ ఎప్పుడు కడతారాంటీ?" అంది. సోమవారం అని చెప్పాను.

రేపు చర్చికి వెళ్లేముందు గోడకి నీళ్లు పట్టాలి.